సొంత ఊరి హక్కు

ఒక ఊళ్ళో ఎన్నేళ్ళు కాపురముంటే ఆ ఊరి మంచిచెడ్డల్లో మన మాట చెల్లుతుంది? మనబోటి రాష్ట్రేతర తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. నాలుగు తరాలుగా మా ఇంటివాళ్ళు హోసూరు తాలూకాలోనే ఉంటున్నా, పరిచయమైన పది నిమిషాల్లో "సొంత ఊరు ఏది సార్?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. హోసూరు అని చెబితే వాళ్ళకు తృప్తి ఉండదు. దాని వెనక ఇంకో ఊరేదో ఉండి తీరాలని వాళ్ళ నమ్మకం. బ్యాంకు ఫారాల్లోనూ రెండు గళ్ళుంటాయి, ప్రస్తుత చిరునామా ఒకటి, శాశ్వత చిరునామా ఒకటి. షోలాపూరు బ్రాంచిలో ఉండగా ఒక ముసలి నేతగాడు ఆ రెండో గడి దగ్గర కలం ఆపి, "ఊరంటే కరీంనగర్ దిక్కు సారూ. నేనెన్నడు సూడలే. ఓటైతే ఈడనే" అన్నాడు. ఓటున్న చోటే శాశ్వతమని చెప్పి, ఆ గడిలో షోలాపూరే రాయించాను.

ఊరు ఎక్కడ, ఓటు ఎక్కడ అన్న ఈ తగవును నూరేళ్ళ కిందటే చట్టానికెక్కించి, అప్పటినుంచీ ఆ చట్టంతోనే బతుకుతున్న దీవులు కొన్ని ఉన్నాయి. బాల్టిక్ సముద్రంలో స్వీడన్‌కూ ఫిన్లాండ్‌కూ నడుమ ఉన్న ఆ దీవుల ప్రాంతాన్ని ఇంగ్లీషు పటాల్లో ఆలండ్ అని చదువుకుంటాం. అక్కడివాళ్ళు పలికే తీరు ఓలండ్. నేను వెళ్ళి చూసింది లేదు, చదివి తెలుసుకున్నదే. అయినా వాళ్ళ స్థానిక ఎన్నికల పద్ధతి చదువుతుంటే మన ఇంటి సంగతే ఎవరో దూరాన కూర్చుని రాసిపెట్టినట్టు అనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

దీవులు 6,700కు పైనే. మనుషులుండేవి మాత్రం ఓ అరవై. జనాభా అంతా కలిపి 30 వేలు. మన లెక్కలో ఒక చిన్న మునిసిపాలిటీ. ముఖ్యపట్టణం మారియేహామ్న్. 1861లో రష్యా జారు రెండో అలెగ్జాండర్ భార్య పేరు మీద వెలిసిన రేవు అది. దేశం ఫిన్లాండ్, ఇంట్లో భాష స్వీడిష్. ఫిన్లాండ్ మొత్తం మీద స్వీడిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి ఐదుగురు. ఈ దీవుల్లో నూటికి 85 మంది దాకా. దేశాన్ని బట్టి చూస్తే వాళ్ళు అల్పసంఖ్యాకులు, సొంతగడ్డ మీద అధికసంఖ్యాకులు. ఈ రెండు ముఖాలనూ పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందుకు వెళ్ళాక పనికొస్తాయి.

1809లో స్వీడన్ యుద్ధంలో ఓడి ఫిన్లాండ్‌ను, దాంతోపాటు ఈ దీవులను రష్యాకు వదులుకుంది. 1917లో జారు ప్రభుత్వం కూలాక, ఆ ఆగస్టు 20న ఫిన్‌స్ట్రోమ్ అనే చోట ఒక బడిలో దీవులలోని స్థానిక సంఘాల ప్రతినిధులు గుట్టుగా కూడుకుని, మళ్ళీ స్వీడన్‌లో కలవాలని తీర్మానించుకున్నారు. ఆ స్థానిక సంఘాలను మన అలవాటు ప్రకారం పంచాయతీలు అనుకుందాం. తర్వాత ఏడు వేలకు పైగా పెద్దవాళ్ళు సంతకాలు పెట్టారు. అదే ఏడు డిసెంబరులో స్వతంత్రమైన ఫిన్లాండ్ ఇందుకు ఒప్పుకోలేదు. 1920లో స్వపరిపాలన చట్టం ఒకటి చేసి చేతికిస్తే దీవులవాళ్ళు పుచ్చుకోలేదు. వాళ్ళ నాయకులు యూలియస్ సుండ్‌బ్లూమ్, కార్ల్ బ్యోర్క్‌మన్‌లను దేశద్రోహం కింద అరెస్టు చేశారు. తగవు నానాజాతి సమితి దాకా పోయింది. 1921 జూన్‌లో తీర్పు వచ్చింది. దీవులు ఫిన్లాండ్‌వే, కానీ అక్కడి స్వీడిష్ భాషకు, ఆచారాలకు, నేల మీది హక్కుకు ఫిన్లాండ్ హామీ పడాలి. స్వీడన్ కావాలన్నవాళ్ళకు స్వీడన్ దక్కలేదు. దీవులు దక్కిన ఫిన్లాండ్‌కు వాటిమీద పూర్తి పెత్తనం దక్కలేదు.

ఆ హామీల్లో నా కళ్ళు నిలిచిపోయిన షరతు ఒకటుంది. ఫిన్లాండ్ పౌరుడే అయినా సరే, బయటినుంచి వచ్చి దీవుల్లో స్థిరపడినవాడికి అయిదేళ్ళు గడిచేదాకా అక్కడి ప్రాంతీయ సభకు గానీ పంచాయతీకి గానీ ఓటు లేదు. అంటే మొదట్లో రెండు తలుపులూ మూసే ఉంచారు. 1922 జూన్ 9న లాగ్‌టింగ్ అనే ఆ ప్రాంతీయ సభ తొలిసారి కూడింది. ఇప్పుడు దానికి 30 మంది సభ్యులు.

నేడు అమల్లో ఉన్న స్వపరిపాలన చట్టం 1991లో చేసినది, 1993 నుంచి నడుస్తోంది. దానికి గుండెకాయ వంటిది ఒక ప్రత్యేక హక్కు. దాని స్వీడిష్ పేరును మన భాషలోకి తెచ్చుకుంటే 'సొంత ఊరి హక్కు' అవుతుంది. అది ఉన్నవాడికే లాగ్‌టింగ్‌కు ఓటు, పోటీ చేసే అర్హత. అది ఉంటేనే అడ్డంకి లేకుండా నేల కొనుక్కోవడం, వ్యాపారం పెట్టుకోవడం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉండి, అక్కడే పెరుగుతున్న పిల్లలకు అది పుట్టుకతో వస్తుంది. బయటివాడికి రావాలంటే ఫిన్లాండ్ పౌరసత్వం ఉండాలి, ఎడతెగకుండా అయిదేళ్ళు నివాసముండాలి, స్వీడిష్ భాష తగినంత వచ్చి ఉండాలి. 1995లో ఫిన్లాండ్‌తోపాటు ఐరోపా సమాఖ్యలో చేరేటప్పుడు కూడా ఈ కట్టుబాటుకు భంగం రాకుండా విడిగా ఒక ఒడంబడిక రాయించుకున్నారు.

హెల్సింకీ నుంచి ఒక గుమాస్తా మారియేహామ్న్‌కు బదిలీ మీద వచ్చాడనుకుందాం. (బదిలీ అంటే ఏమిటో బ్యాంకువాణ్ణి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.) దేశ పార్లమెంటుకు అతను ఓటు వేయవచ్చు, అది పౌరసత్వంతో వచ్చిన హక్కు. పంచాయతీకి కూడా వేయవచ్చు. అక్కడ ఇప్పుడు సొంత ఊరి హక్కు అక్కర్లేదు, చట్టం చెప్పిన కొంతకాలం నివాసముంటే చాలు. ఆ మాటకొస్తే లాట్వియా నుంచో రొమేనియా నుంచో పనికి వచ్చి నిలిచిపోయినవాడికి, ఫిన్లాండ్ పౌరసత్వం లేకపోయినా, పంచాయతీ ఓటుంది. లాగ్‌టింగ్‌కు మాత్రం వీళ్ళిద్దరికీ లేదు. రెండు ఎన్నికలూ నాలుగేళ్ళకొకసారి అక్టోబరులో ఒకే ఆదివారం జరుగుతాయి. 2023లో అది అక్టోబరు 15. ఒకే మెట్లెక్కి ఒకే గదిలోకి వెళ్ళిన పక్కింటివాళ్ళలో ఒకరికి రెండు ఓట్లు, మరొకరికి ఒకటే.

ఇది న్యాయమా? మొదట చదివినప్పుడు నాకు చిరాకే వేసింది. పన్ను కడుతున్నాడు, పిల్లల్ని అక్కడి బడికి పంపుతున్నాడు, మంచు పడితే అందరితోపాటు వీధి ఊడుస్తున్నాడు. ఇంకేం కావాలి? కానీ పంచాయతీ చేసే పనులేమిటో, లాగ్‌టింగ్ చేసే పనులేమిటో పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్ళ లెక్క కొంత బోధపడుతుంది. పిల్లల బడి నడపడం, ముసలివాళ్ళ సంరక్షణ, మంచినీళ్ళు, ఊరి బాటలు ఇవన్నీ పంచాయతీవి. అందులో ఈ ఏడు పొరపాటు జరిగితే వచ్చే ఏడు దిద్దుకోవచ్చు. బడి ఏ భాషలో నడవాలి, నేల ఎవరి చేతికి పోవచ్చు అన్నవి అలాంటివి కావు. ఒక్క తరం చేయి జారితే మళ్ళీ రావు. మా బ్యాంకులో రోజువారీ చెక్కుకు భాగస్తుల్లో ఒకరి సంతకం చాలనే ఖాతాలుంటాయి. తాకట్టులో ఉన్న దస్తావేజు విడిపించుకోవాలంటే మాత్రం హక్కుదారులంతా వచ్చి నిలబడాలి. రోజూ సంతకం పెట్టేవాడి మీద అనుమానం ఉండి కాదు, ఆ కాగితం తీరు వేరు.

అయితే ఈ సమాధానంలో ఒక మెలిక ఉంది. అక్కడ 16 పంచాయతీలున్నాయి. వాటిలో సొటుంగా అన్నది ఫిన్లాండ్ మొత్తంలోకే చిన్నది. అక్కడ ఉండేది దాదాపు వందమంది. ముప్ఫై వేలమందిలో ఇరవైమంది కొత్తవాళ్ళు లెక్కకు రారు గానీ, వందమందిలో ఇరవైమంది వస్తే ఆ ఊరి సభ రూపమే మారిపోతుంది. భయపడవలసి వస్తే చిన్న తలుపు దగ్గరే ఎక్కువ భయపడాలి. దానినే తీసి ఉంచి పెద్ద తలుపుకు గడియ వేసుకున్నారు. ఎందుకు? నాకు తోచినది ఇది. వందమంది ఉన్న దీవిలో ఎవరికి వారుగా బతకడం కుదరదు. రేవుకు పడవ వచ్చిందా, ఎవరింట్లో జబ్బు, ఎవరి బిడ్డను బడికి ఎవరు తీసుకెళ్ళాలి, ఇవన్నీ మాట్లాడుకోక తప్పదు. మాట్లాడక తప్పని చోట భాష తనంతట తానే పట్టుబడుతుంది. పరీక్ష పెట్టనక్కర్లేదు. పైగా మనుషులు తగ్గిపోతున్న దీవికి వచ్చినవాడు బరువు కాడు, ఆసరా.

ఈ చిన్న సభల మీద వాళ్ళకున్న పట్టు చూడండి. 16 పంచాయతీలను నాలుగుకు కుదించాలని అక్కడి ప్రభుత్వం ఒక పథకం వేసింది. లెక్కల మనిషిగా నాకు ఆ పథకంలో తప్పు కనిపించదు. వందమందికి ఒక కార్యాలయం, ఒక బడ్జెట్టు అంటే ఖర్చే కదా. 2019 ఎన్నికల తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం దాన్ని వెనక్కు తీసుకుంది. తెలిసిన ముఖానికి ఓటు వేసి, మర్నాడు రేవు దగ్గర అదే ముఖాన్ని నిలదీయడంలోని సుఖం ఏ బ్యాలన్స్‌షీటులోనూ పద్దు కాదు.

భాష వచ్చినవాడికే ఓటు అనే మాట వినడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, దాని చరిత్ర మంచిది కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చదువు పరీక్ష పేరిట నల్లజాతివాళ్ళను దశాబ్దాలపాటు ఓటుకు దూరంగా ఉంచారు. పరీక్ష పెట్టేవాడి ఇష్టమే అక్కడ ప్రశ్నాపత్రం. 1965 ఓటు హక్కుల చట్టం దాకా ఆ తంతు సాగింది. అందుచేత భాష అనే షరతును ఒప్పుకునే ముందు రెండు సంగతులు చూడాలి. ఆ షరతు ఎవడైనా కష్టపడితే దాటగలిగినదా? పెట్టినవాడు తనను కాపాడుకోవడానికి పెట్టాడా, ఎదుటివాణ్ణి తొక్కడానికి పెట్టాడా? పుట్టుక షరతును ఎవడూ దాటలేడు. భాష నేర్చుకోవచ్చు. అయిదేళ్ళలో ఒక భాష నేర్చుకొమ్మనడం పెద్ద దౌర్జన్యమని నేననుకోను. బదిలీల మీద తిరిగిన నాకు బరంపురంలో రెండేళ్ళకే ఒడియా నోట్లో తిరగసాగింది. ఖాతాదారు ఎదురుగా నిలబడి ఉంటే నాలుక దానంతటదే తిరుగుతుంది!

ఇంతవరకూ ఓలండ్ పక్షాన మాట్లాడాను. ఇక రెండో ముఖం. ఆ దీవుల్లో ఫిన్నిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి ఐదుగురి లోపు. దేశమంతటా అధికసంఖ్యాకులైనవాళ్ళు ఇక్కడికొచ్చేసరికి పిడికెడు. వాళ్ళకు ప్రభుత్వ డబ్బుతో ఫిన్నిష్ బడి లేదు. చట్టం ప్రకారం అక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో బోధన స్వీడిష్‌లోనే. కోర్టులోనూ, కేంద్ర ప్రభుత్వ కచేరీల్లోనూ సొంత వ్యవహారానికి ఫిన్నిష్ వాడుకునే హక్కు ఉంది, అంతవరకే. దేశంలో నూటికి ఐదుగురైన స్వీడిష్‌వాళ్ళు తమకు బడి కావాలని లోకం ముందు నిలబడి సాధించుకున్నారు. తమ మధ్య ఉన్న నూటికి ఐదుగురికి అదే బడి ఇవ్వడానికి వాళ్ళకు చేయి రాలేదు. ఫిన్నిష్ బడులు వస్తే వాటివెంట ఫిన్నిష్ జనం వస్తారని వాళ్ళ భయం. ఆ భయం అబద్ధమని నేననను. కానీ భయం నిజమైనంత మాత్రాన ఆ ఇంటి పిల్లవాడికి జరిగే లోటు లోటు కాకుండా పోతుందా?

ఇక్కడ మన ఇల్లు కూడా చూసుకోవాలి. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చి, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసినప్పుడు, తెలుగు బడుల పిల్లల గతేమిటని మనవాళ్ళు సభలు పెట్టారు, కోర్టుకెక్కారు. ఆ సభల్లో నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. మన రాజ్యాంగం 350-ఎ అధికరణంలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే వసతులు కల్పించాలని ఉంది, దాన్ని ఎత్తి చూపించాం. 2018లో తెలంగాణ శాసనసభ అన్ని బడుల్లోనూ పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అని చట్టం చేసింది. అప్పుడు మనలో ఎంతమంది 350-ఎ గుర్తుచేశాం? మిఠాయిలు పంచుకున్నట్టు ఒకరికొకరం కబురు చెప్పుకున్నాం. అక్కడి మరాఠీ ఇంటి పిల్లవాడు, కన్నడ ఇంటి పిల్లవాడు మనకు లెక్కలోకి రాలేదు. ఊరి భాష నేర్వాలనడం తప్పు కాదని పైన నేనే రాశాను, దాని మీదే నిలబడతాను. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు లాభమే. తప్పల్లా ఒకే మాటను మనం తక్కువగా ఉన్నచోట ఒక తూకంతో, ఎక్కువగా ఉన్నచోట ఇంకో తూకంతో అమ్మడం.

కంచె చిన్న మడికి కావాలి, అడవికి ఎందుకు? కోట్లమంది మాట్లాడే తమిళం గానీ తెలుగు గానీ తమ గడ్డమీద పదిమంది పరాయి భాషవాళ్ళ వల్ల చెడిపోవు. అవి చెడితే సొంత బిడ్డల నిర్లక్ష్యం వల్లనే. ఓలండ్ విషయంలో కూడా ఈ మాట ఎవరైనా అనవచ్చు. నీటికి అటువైపు స్వీడన్‌లో కోటిమంది మాట్లాడే భాష ఎలా చస్తుందని. అన్నవాళ్ళు హోసూరు వచ్చి చూడాలి. సరిహద్దుకు అవతల కోట్లమంది తెలుగు మాట్లాడుతుంటే, ఆ కోట్లు ఇక్కడి బడిలో ఒక్క తెలుగు మేష్టరు ఖాళీని నింపవు. భాష బతికేది ఒక్కొక్క చోట విడివిడిగా. అందుకే ఓలండ్ వాళ్ళ కంచెను నేను తప్పుపట్టలేను. కంచె లోపలున్న కొద్దిమందికి నీళ్ళు పోయకపోవడాన్ని మాత్రం తప్పుపడతాను.

ఓటును నేలతో ముడిపెట్టిన ద్వీపం ఇంకొకటి ఉంది. కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమని ఒక చిన్న రాష్ట్రం. అక్కడ 1963 దాకా ఆస్తి ఓటు అని ఒకటి నడిచింది. ఒక్కో నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. వాళ్ళలో ఒకరి ఎన్నికలో, ఆ నియోజకవర్గంలో నివాసం లేకపోయినా తగినంత ఆస్తి ఉన్నవాడు వచ్చి ఓటు వేయవచ్చు. నాలుగుచోట్ల పొలాలున్నవాడు నాలుగుచోట్లా వేయవచ్చు. ఓలండ్ పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. ఒకచోట ఊరివాడైతేనే నేల, ఇంకోచోట నేల ఉంటే ఊరివాడు. మన దేశపు 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఈ విషయంలో తెలివిగా నడిచింది. ఒకచోట ఇల్లున్నంత మాత్రాన అక్కడ మామూలుగా నివసించేవాడని అనుకోరాదని 20వ సెక్షనులో స్పష్టంగా రాశారు. ఇంటిలోను కాగితాల మీద సంతకాలు పెట్టేవాణ్ణి కనుక, కొన్నవాడొకడు, కాపురముండేవాడొకడు అయిన ఇళ్ళు ఎన్నో నాకు తెలుసు. ఆ వీధి మురుక్కాలవ గురించి మాట్లాడే హక్కు ఎవరిదంటే, ఆ వాసన ఎవరి ముక్కుకు తగులుతోందో వాళ్ళది.

ఓలండ్ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చిన షరతును చివరికి ఉంచాను. సొంత ఊరి హక్కు పుట్టుకతో వచ్చినా శాశ్వతం కాదు. దీవులు వదిలి అయిదేళ్ళకు మించి బయట స్థిరపడినవాడికి అది పోతుంది. తాత, ముత్తాత అక్కడే పుట్టి ఉండవచ్చు, ఇంటిపేరు ఆ దీవిదే అయి ఉండవచ్చు. అయిదేళ్ళు. కొత్తగా వచ్చినవాడు లోపలికి రావడానికి ఎన్నేళ్ళో, పాతవాడు బయటికి పోవడానికీ అన్నే ఏళ్ళు. ఇలాంటి షరతు మన ఊళ్ళలో ఉంటే ఎలా ఉంటుందని ఊహించుకున్నాను. అమెరికాలో ఇరవై ఏళ్ళుగా ఉంటూ, ఊరి గుడి కమిటీలోనూ పంచాయతీ పోటీలోనూ ఫోను మీదనుంచే చక్రం తిప్పే పెద్దమనుషులు మనందరికీ తెలుసు. వాళ్ళు పంపే డబ్బుకు దండం పెట్టవలసిందే. మాట చెల్లవలసింది మాత్రం ఆ గుడి మెట్లు రోజూ ఊడ్చేవాడిది.

చదువుకనీ ఉద్యోగానికనీ స్వీడన్ వెళ్ళి అక్కడే ఉండిపోయే కుర్రవాళ్ళు ఓలండ్‌లోనూ తక్కువేమీ కాదు. పదేళ్ళ తర్వాత ఏ తండ్రి జబ్బుకో, ఏ ఇంటి పంపకానికో ఒకడు తిరిగొచ్చి అక్కడే ఉండిపోదామనుకుంటే, ఆ రేవులోనే ఈత నేర్చినవాడు కూడా సొంత ఊరి హక్కుకు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవలసిందే. పంచాయతీ ఓటుకు మాత్రం ఆ దరఖాస్తుతో పనిలేదు. లాట్వియా నుంచి వచ్చిన కూలివాడి లాగే, అక్కడ కాపురముంటున్న కాలాన్ని చూపిస్తే చాలు.